మన ఊరి పేజీ జోలికి ఇప్పుడే పోకు

బిడ్డా,

తెలుగు వికీపీడియాలో రాస్తానని, ఎట్లా మొదలుపెట్టాలని మొన్న ఫోన్‌లో అడిగావు. అప్పుడు దేవరకొండ బస్సులో ఉన్నాను, నీ మాట సగమే వినబడింది. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు నా నిర్వాకం విను. పోస్టాఫీసు నుంచి రిటైరైన కొత్తలో మన ఊరి పేజీ తెరిచి, గుడి కమిటీవాళ్లు పంచిన కరపత్రంలోని స్థలపురాణం అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. పైన "ప్రకృతి అందాలకు నెలవు" అని నా కవిత్వం వేరే. రాత్రి పదకొండింటికి 'ప్రచురించు' నొక్కి పడుకున్నా. తెల్లారి చాయ్ తాగుతూ చూస్తే రెండు వాక్యాలు మిగిలాయి. అవి కూడా జనాభా లెక్కలవి, నావి కావు! కోపంతో నెల రోజులు అటు తొంగిచూడలేదు. తర్వాత ఎప్పుడో 'చరిత్ర' ట్యాబ్ నొక్కితే, తీసేసినాయన కారణం రాసే పెట్టాడు: కాపీ, మూలం లేదు. రెండూ నిజమే.

కాబట్టి నువ్వు దిద్దుబాట్లతో మొదలుపెట్టు. ముందు ఖాతా తెరువు, 'ప్రయోగశాల'లో నాలుగు రోజులు ఇష్టమొచ్చినట్టు రాసి చెరుపు, అక్కడ ఎవరూ ఏమీ అనరు. తర్వాత మన చుట్టుపక్కల ఊళ్ల పేజీలు చూడు. 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు జిల్లాలైంది కదా. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా పోయింది. పేజీ మొదటి వాక్యంలో సూర్యాపేట జిల్లా అని ఉండి, కిందెక్కడో నల్లగొండ జిల్లా అని మిగిలిపోయిన ఊళ్లు కనబడితే దిద్దు. అయితే పాత పేరు కనబడిన చోటల్లా కొట్టెయ్యకు. 2011 జనాభా లెక్కలు పాత జిల్లా కింద తీసినవి, అక్కడ 'అప్పటి' అన్న ఒక్క మాట చేర్చు, చాలు. ఏం మార్చావో కింద సారాంశం పెట్టెలో ఒక ముక్క రాయి. దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్లను చూస్తే నాకు ముద్ర వెయ్యని ఉత్తరం చూసినట్టు ఉంటుంది.

ఒకే పేరున్న ఊళ్ల దగ్గర జాగ్రత్త. పిల్లలమర్రి అంటే పాలమూరులో మర్రిచెట్టు, సూర్యాపేట దగ్గర కాకతీయుల గుళ్లున్న ఊరు. లింకు ఇచ్చేటప్పుడు ఏది ఏదో చూసుకో. ఇట్లాంటివి విడదీసే పేజీని అక్కడ 'అయోమయ నివృత్తి' అంటారు. ఉద్యోగమంతా ఆ అయోమయంతోనే గడిపినవాణ్ణి, ఆ పేరు చూసి నవ్వుకున్నా.

ఇక అసలు చిక్కు మూలాల దగ్గర. 'నేను కళ్లారా చూశాను' అన్నది అక్కడ చెల్లదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయమే తీసుకో. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. నువ్వు చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చుని చూశావు. 'దేవుడి మహిమ వల్ల నీడ పడుతుంది' అని రాస్తే నిలవదు. 'భక్తులు మహిమగా నమ్ముతారు' అని రాసి, ఆ మాట అచ్చయిన పుస్తకమో పత్రికో చూపిస్తే నిలుస్తుంది. వెలుతురు లెక్కతో వివరించినవాళ్ల మాట దొరికితే దాన్నీ పక్కనే పెట్టు. ఎవరిది ఒప్పో తేల్చడం నీ పని కాదు.

పుస్తకాల కోసం జిల్లా గ్రంథాలయానికి వెళ్లు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు కోపం తెచ్చుకుని ఊరుకోలేదు, 354 మంది కవులను సేకరించి 1934లో గోల్కొండ కవుల సంచిక అచ్చువేశారు. ఆ కవుల్లో ఎంతమందికి పేజీ ఉందో వెతుకు, లేనివాళ్ల గురించి ఇంకెక్కడ రాశారో చూడు. నీకు ఏళ్లకు సరిపడా పని. ఆయన 1953లో పోయారు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి కాబట్టి ఆయన సొంత రచనలను వికీసోర్స్‌లో, అంటే వికీవాళ్ల పుస్తకాల అరలో, టైపు చేసినా అడ్డులేదు. మొన్న మొన్న వచ్చిన పుస్తకాలతో ఆ పని చెయ్యకు. వాటిని చదివి, సంగతి నీ మాటల్లో రాసి, పుస్తకం పేరూ పేజీ నంబరూ ఇవ్వు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు ఎక్కించకు, నువ్వు తీసినవే కామన్స్‌లో, అంటే వికీ ఫొటోల ఉమ్మడి కొట్టులో, పెట్టు. పెట్టాక వాటిని ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకునేవాళ్లు కూడా. తర్వాత ఏడ్చి లాభం లేదు.

నువ్వు రాస్తున్నావని తెలియగానే మీ చిన్న మామ తన పేజీ రాయమంటాడు. సర్పంచిగా చేశాడు కదా అంటాడు. పత్రికల్లో ఆయన గురించి ఎవరూ పనిగట్టుకుని రాయలేదు, పైగా నువ్వు మేనకోడలివి. నా పేరు చెప్పి తప్పించుకో, నన్ను నాలుగు తిడతాడు, అంతే.

ఎవరైనా నీ మార్పు తీసేస్తే వెంటనే మళ్లీ పెట్టకు. చర్చ పేజీలో అడుగు, చివర నాలుగు టిల్డేలు (~~~~) కొడితే నీ సంతకం పడుతుంది. అక్కడా తేలకపోతే, రాసేవాళ్లంతా కూడి మాట్లాడుకునే 'రచ్చబండ' పేజీ ఉంది. ఇంగ్లీషు పేజీని మిషన్‌తో తెలుగు చేసి అట్లాగే దించకు. ఒకసారి మీ పెద్దమ్మకు చదివి వినిపించు. ఆమె 'ఏందిది?' అంటే మళ్లీ రాయి.

దసరాకు వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో. పొద్దున్నే పానగల్లు పోదాం. పచ్చల సోమేశ్వరాలయం గోడ మీది శిల్పాలకు మంచి ఫొటోలు కావాలి, నా ఫోన్‌లో అన్నీ మసక మసకగా వస్తున్నాయి.

మీ పెద్దనాయన
నల్లగొండ