సైకిల్ సాధనకు జీపీఎస్ కంప్యూటర్: ఏమి చూసి కొనాలి?

ప్రశ్న: ఆదివారాలు తెల్లవారుజామున మారతహళ్లి నుంచి నంది కొండకు సైకిల్‌పై వెళ్తుంటాను. ఇంతవరకు జేబులోని ఫోన్‌లో స్ట్రావా (సవారీలను నమోదు చేసే యాప్) పెట్టుకుని నెట్టుకొచ్చాను. ఇక పద్ధతిగా సాధన చేసి, కొండ ఎక్కే సమయాన్ని తగ్గించుకోవాలని ఉంది. హ్యాండిల్‌కు బిగించే జీపీఎస్ కంప్యూటర్లలో మ్యాపులున్న ఖరీదైనదే కొనాలా? మిత్రుడి కంప్యూటర్ ఇంటి దగ్గరే పొద్దున ఒక ఎత్తు, తిరిగొచ్చాక మరో ఎత్తు చూపుతోంది, ఎందుకు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: కొత్త దారులు వెతుక్కునేవారికి మ్యాపు అవసరమే గాని, దేవనహళ్లి మీదుగా నందికి వెళ్లే దారి మీకు ఈపాటికి కంఠతా వచ్చి ఉంటుంది కనుక దానికోసం అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదు. సాధనకు కావలసినవి గుండె వేగం, పెడల్ తిప్పే వేగం, వీలైతే కాళ్లు పెట్టే శక్తి వాట్లలో. ఇవి తొక్కుతుండగానే కంటికి కనబడాలి. ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించి తెర వెలిగించి ఉంచితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఎండకు వేడెక్కుతుంది.

అందుచేత ముందు ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ బెల్టు కొనండి. కంప్యూటర్ సంగతి ఆ తరువాత. హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుని గతుకుల్లో తొక్కేటప్పుడు మణికట్టు వాచీ లెక్క తరచుగా తప్పుతుంది. అయితే మీరు జోరు పెంచిన వెంటనే గుండె వేగం పెరగదు, కొంత ఆలస్యంగా అందుకుంటుంది. నంది లాంటి పెద్ద ఎక్కుడుకు ఆ ఆలస్యం లెక్కలోకి రాదు గాని, ఒకటి రెండు నిమిషాల ఇంటర్వెల్స్‌కు (కొద్దిసేపు జోరుగా తొక్కి, మళ్లీ నెమ్మదించే సాధనకు) కాళ్ల శక్తిని వాట్లలో కొలిచే పవర్ మీటరే సరైన కొలత. అది ఇప్పుడే కొనకపోయినా, ఎప్పుడైనా కొంటే చదవగలిగేలా యాంట్ ప్లస్ (సెన్సర్లను వైర్ లేకుండా కలిపే పద్ధతి), బ్లూటూత్ రెండూ ఉన్న కంప్యూటర్‌నే తీసుకోండి.

తాకుతెర కన్నా బటన్లకే నా ఓటు. చెమట చేతులతో, వాన చినుకుల్లో తాకుతెర చెప్పిన మాట వినదు. గార్మిన్ కంపెనీ నుంచి 2023లో వచ్చిన ఎడ్జ్ 540కి బటన్లు మాత్రమే ఉంటాయి; దాని తోటి మోడల్ 840కి బటన్లతో పాటు తాకుతెర కూడా ఉంది, సాధనకు సంబంధించిన సదుపాయాలు రెండింటిలోనూ దాదాపు ఒకటే. వాహూ కంపెనీ బోల్ట్ కూడా బటన్లదే, దాని తెరలను ఫోన్ నుంచి అమర్చుకోవచ్చు. బ్రైటన్ కంపెనీలో చవకైన మోడళ్లున్నాయి. బెల్టును చదివి, ప్రతి ల్యాపు సగటు చూపిస్తే మొదటి ఏడాదికి అవీ చాలు.

ఇక ఎత్తు సంగతి. ఉపగ్రహాలన్నీ మన తల పైవైపునే ఉండడం వల్ల జీపీఎస్ స్థలాన్ని చెప్పినంత కచ్చితంగా ఎత్తును చెప్పలేదు. అందుకే మంచి కంప్యూటర్లలో గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్ పెడతారు; పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గుతుంది, దాన్నిబట్టి అది ఎత్తును లెక్కగడుతుంది. కానీ పీడనం వాతావరణాన్ని బట్టి కూడా మారుతుంది. ఒక హెక్టోపాస్కల్ (పీడనపు కొలమానం) తేడాకు బెంగళూరు ఎత్తులో సుమారు 9 మీటర్లు తప్పుతుంది. మన ప్రాంతాల్లో తెల్లవారుజాము నుంచి పది గంటల దాకా పీడనం మామూలుగానే కొద్దిగా పెరుగుతుంది కాబట్టి, తిరిగొచ్చేసరికి మీ మిత్రుడి ఇల్లు కొన్ని మీటర్లు కిందికి దిగినట్టు కనిపించడం వింత కాదు. దాన్ని సరిచేయడానికి బయలుదేరే చోటి ఎత్తును ఒకసారి కంప్యూటర్‌లో నమోదు చేసుకుంటే, అక్కడ మొదలుపెట్టిన ప్రతిసారీ అది తనంతట తానే సరిచూసుకునే సదుపాయం చాలా మోడళ్లలో ఉంది. వానలో తడిసిన రోజు మాత్రం బారోమీటర్ రంధ్రంలో నీరు చేరి అంకెలు అడ్డదిడ్డమవుతాయి. పరికరాన్ని ఆరనివ్వండి, పిన్నుతో పొడవకండి.