ఆర్కిటెక్ట్ ప్లాను ఇస్తే చాలా, ఇల్లు పూర్తయ్యే దాకా ఉండాలా?

200 గజాల్లో జీ ప్లస్ వన్ కట్టుకుంటున్నాం అన్నారు. ఆర్కిటెక్ట్ మీకు మూడు రేట్లు చెప్పారు: ప్లాను మాత్రమే ఇస్తే ఒకటి, మధ్యమధ్యలో సైట్‌కి వచ్చి చూస్తే ఒకటి, తాళం చేతికిచ్చే దాకా అంతా చూసుకుంటే ఇంకొకటి. మీ మేస్త్రీ ఏమో "ఆర్కిటెక్ట్ ఎందుకండీ దండగ, ఆ డబ్బుతో మంచి మార్బుల్ వేయించుకోండి" అంటున్నారు. వీటిలో ఏది మేలని మీ ప్రశ్న.

మధ్యది తీసుకోండి. రెండో ఆలోచన పెట్టుకోవద్దు. మార్బుల్ ఇంకో ఐదేళ్లకైనా వేయించుకోవచ్చు, స్లాబ్ లోపల ఇనుము తర్వాత వేయించలేం.

మాది నరసరావుపేట. నేను హైస్కూల్లో టీచర్‌ని. మా ఆయన ఉద్యోగం చెన్నైలో కాబట్టి ఇల్లు కట్టించే పనంతా నేనే చూసుకున్నాను. బడి వదలగానే సైట్, సైట్ నుంచి ఇంటికి. మా స్థలం కూడా 200 గజాలే, తూర్పు ముఖం, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. అటూ ఇటూ ఇళ్లు ఆనుకుని ఉన్నాయి. ఆర్కిటెక్ట్ గుంటూరు అమ్మాయి, నాకంటే బాగా చిన్నది. ప్లాను, వర్కింగ్ డ్రాయింగులు, ముఖ్యమైన దశల్లో సైట్‌కి రావడం, ఇంతవరకు ఒప్పందం. స్టీల్ లెక్కలు వేసిన స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని కూడా ఆ అమ్మాయే తీసుకొచ్చింది.

మొదటి స్లాబ్ పోయడానికి ముందు రోజు సాయంత్రం జరిగింది చెబుతాను. మర్నాడు పొద్దున్నే ముహూర్తం. కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చి రోడ్డు పక్కన నిలబడింది. కంకర, ఇసుక, సిమెంటు దిగాయి. కూలీలకు అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. మా అత్తయ్య కొబ్బరికాయలు, పసుపు కుంకుమ సర్ది పెట్టారు. అప్పుడు ఆ అమ్మాయి, ఇంజినీర్ గారు కలిసి నిచ్చెన ఎక్కి సెంట్రింగ్ మీదికి వచ్చారు. ఒకరి చేతిలో డ్రాయింగు, ఇంకొకరి చేతిలో టేపు. గదుల మీద కడ్డీల మధ్య దూరం కొలిచారు, కడ్డీలు అడుగుకు తగలకుండా పెట్టే కవర్ బిళ్లలు చూశారు, బీముల్లో రింగులు లెక్కపెట్టారు. అంతా బాగానే ఉందన్నారు. చివరికి ముందు బాల్కనీ దగ్గర ఆగారు.

అది గోడ దాటి నాలుగు అడుగులు బయటికి వచ్చే బాల్కనీ. కింద స్తంభం లేదు. దాని కడ్డీలన్నీ గది స్లాబ్‌కి కట్టినట్టే అడుగున, బిళ్లల మీద పరిచి ఉన్నాయి. డ్రాయింగులో మాత్రం పైన ఉండాలని స్పష్టంగా గీసి ఉంది.

మేస్త్రీ ఒప్పుకోలేదు. "అమ్మా, మా నాన్న కాలం నుంచీ ఇలాగే వేస్తున్నాం. ఈ ఊళ్లో నేను కట్టిన ఇల్లు ఒక్కటి కూలిందేమో చూపించమనండి" అన్నాడు, ఆ అమ్మాయితో కాకుండా నాతో. మా మామగారు కూడా "ముహూర్తం దాటిపోతుందమ్మా" అని టెన్షన్ పడ్డారు.

ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. కింద స్విచ్‌బోర్డులు వచ్చిన అట్టపెట్టెలో థర్మోకోల్ ముక్క ఉంటే తెమ్మంది. దానికి బ్లేడుతో పైన ఒక గాటు, సరిగ్గా దాని కింద అడుగున ఒక గాటు పెట్టింది. ఒక కొసను గోడకు ఆనించి గట్టిగా పట్టుకుంది. "మేస్త్రీ గారూ, ఇదే బాల్కనీ అనుకోండి. చివర మీరే నొక్కండి" అంది. ఆయన వేలితో నొక్కాడు. పై గాటు నోరు తెరుచుకుంది, కింది గాటు మూసుకుపోయింది. అంటే బాల్కనీ పగిలేది పైన, పట్టి ఉంచే ఇనుము ఉండాల్సిందీ పైనే. రెండోసారి నొక్కి చూశాడు. ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడకుండా రాడ్‌బెండింగ్ వాళ్లను వెనక్కి పిలిచాడు.

బల్బులు కట్టి రాత్రి వరకు ఆ కడ్డీలు విప్పి మళ్లీ కట్టారు. పైన ఉండాల్సిన కడ్డీలు కిందికి జారకుండా చెయిర్లు, అంటే కడ్డీనే వంచి చేసిన చిన్న పీటల్లాంటివి పెట్టారు. అవి బాల్కనీ దగ్గరే ఆగిపోకుండా గది స్లాబ్ లోపలికి కూడా పొడవుగా వెళ్లేలా చూశారు. పొద్దున ముహూర్తానికే కాంక్రీటు మొదలైంది. బాల్కనీ పోస్తున్నంతసేపూ ఆ అమ్మాయి అక్కడే నిలబడింది. కూలీలు గమేళాలతో నడుస్తూ కడ్డీలను తొక్కేస్తే పైనున్న ఇనుము మళ్లీ అడుగుకు చేరుతుందని నడవడానికి చెక్కలు వేయించింది.

డ్రాయింగు మొదటి నుంచీ సరిగ్గానే ఉంది. నేను కాగితాలకు మాత్రమే డబ్బు కట్టి ఉంటే ఆ సరైన డ్రాయింగు మా బీరువాలో భద్రంగా ఉండేది, బాల్కనీలో కడ్డీలు అడుగునే ఉండేవి. మా మేస్త్రీ మంచి పనివాడు. గోడ నిలువు, గచ్చు వాలు ఆయన చూసినట్టు ఇంకెవరూ చూడరు. కానీ ఆయన డ్రాయింగు చదివి పని చేయడు, అలవాటుతో చేస్తాడు. మన ఊళ్లలో ఎక్కువ మంది మేస్త్రీలు అంతే. కాబట్టి మీరు అసలు కొనుక్కోవాల్సింది సైట్‌కి రావడాన్ని.

ఏ దశల్లో రావాలో పేరు పేరునా రాయించుకోండి. ముగ్గు పోసే రోజు రావాలి. మీరున్న చోట నల్లరేగడి అయితే పునాది గోతులు తవ్వాక కాంక్రీటు పడకముందు ఇంజినీర్ తప్పకుండా రావాలి. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నేల అది. ఆ నేలలో పునాది ఎంత లోతుకు వెళ్లాలి, అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుకు దిగి అడుగు భాగంలో ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేయాలా అన్నది పక్కింటి పునాదిని చూసి నిర్ణయించే విషయం కాదు. తర్వాత ప్రతి స్లాబ్‌కీ ముందు రోజు. ఆ పైన కరెంటు పైపులు, నీళ్ల పైపులు గోడల్లో వేశాక ప్లాస్టరింగ్‌కి ముందు ఒకసారి. మిగతా రోజుల్లో సిమెంటు బస్తాలు లెక్క చూడడం, ఇసుక జల్లెడ పట్టించడం, నీళ్లు కొట్టించడం ఇవన్నీ ఊళ్లో ఉన్న ఎవరైనా చేయగలరు. వాటికోసం మూడో రేటు కట్టక్కర్లేదు.

నీళ్లు కొట్టడం అంటే గుర్తొచ్చింది. మూడు రోజులు తడిపి వదిలేసే అలవాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, ఇప్పుడు అందరూ వాడే పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) లాంటి వాటికి కనీసం పది రోజులు తడిగా ఉంచాలని మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లోనే ఉంది. పల్నాడు ఎండల్లో అంతకంటే ఎక్కువే ఉంచాలి. రెంటచింతల ఎండ గురించి నేను మీకు చెప్పనక్కర్లేదు. సెంట్రింగ్ కూడా అంతే. ఇంకో సైట్‌లో పని ఉందని బీముల కింద ఆసరాగా నిలబెట్టిన పోట్లు తొందరగా లాగేస్తామంటారు. ఆరు మీటర్ల లోపు బీములకు కూడా 14 రోజులు ఉంచాలని అదే కోడ్ చెబుతుంది. మా సైట్‌లో ఈ మాట నేను చెబితే వినలేదు, ఆర్కిటెక్ట్ ఫోన్‌లో చెబితే విన్నారు. ఆ ఫోన్ కూడా ఫీజులో భాగమే అనుకోండి.

మూడో రేటు ఎవరికి అవసరమంటే, సొంత మనిషి ఎవరూ సైట్ దగ్గర ఉండలేని వాళ్లకి. మా పెదనాన్నగారి అబ్బాయి డాలస్‌లో ఉంటూ విజయవాడలో ఇల్లు కట్టించాడు. అమ్మానాన్నలు పెద్దవాళ్లు, తిరగలేరు. అన్నయ్య పూర్తి పర్యవేక్షణ తీసుకోవడం సరైన పనే. అయితే గీసేవాళ్లూ, కట్టేవాళ్లూ, తనిఖీ చేసేవాళ్లూ ఒకే సంస్థ అయితే మాత్రం నేను ఒప్పుకోను. తన పనిలో తప్పుందని తనే ఎవరు చెబుతారు? అన్నయ్య కూడా కాంట్రాక్టర్‌ని వేరుగా, ఆర్కిటెక్ట్‌ని వేరుగా పెట్టుకున్నాడు.

ఇక మొదటి రేటు. "ప్లాను" అంటే చాలామంది మునిసిపాలిటీలో పెట్టే అప్రూవల్ ప్లానే అనుకుంటారు. అది అనుమతి కోసం. మన ఏపీలో ఎల్‌టీపీలు, అంటే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణులు, దాన్ని ఆన్‌లైన్‌లో పెడతారు. దాన్ని పట్టుకుని మేస్త్రీ ఇల్లు కట్టలేడు. కిటికీ ఎత్తు ఎంత, మెట్టు ఎత్తు ఎంత, ఏ పిల్లర్‌లో ఎన్ని కడ్డీలు అన్నవి వర్కింగ్ డ్రాయింగుల్లో ఉంటాయి. తక్కువ రేటు చెప్పినవాళ్లు ఇవి ఇస్తున్నారో లేదో ముందు అడగండి. బోర్డు మీద ఆర్కిటెక్ట్ అని ఉంటే రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడగండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైన వాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. ఆ నంబరు సీఏ అని మొదలవుతుంది. 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: ఇళ్ల డిజైన్ పని వేరేవాళ్లు చేయకూడదని ఆ చట్టంలో లేదు, ఆ పేరు వాడుకోవడానికి మాత్రం వీల్లేదు. అంటే నంబరు చూసుకోవాల్సిన బాధ్యత మన మీదే ఉంది.

ఇంకొకటి. త్రీడీ ఎలివేషన్ బొమ్మ చూసి ఆర్కిటెక్ట్‌ని ఎంచుకోకండి. ముందు భాగమంతా గాజు, రాత్రి లైట్లు, కారు పక్కన చెట్టు, బొమ్మ బాగానే ఉంటుంది. మా వీధిలో పడమటి వైపు నేల నుంచి పైకప్పు దాకా అద్దం పెట్టించుకున్న వాళ్లు ఉన్నారు. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం నుంచి ఆ గదిలో ఎవరూ కూర్చోరు. మా ఆర్కిటెక్ట్ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు (ఇప్పుడు మా అమ్మాయి అనే అంటాం) బొమ్మ ఊసే ఎత్తలేదు. పొద్దున్నే ముందు ఎవరు లేస్తారు, అత్తయ్య మోకాళ్లు ఎలా ఉన్నాయి, అంట్లు ఎక్కడ తోముతారు, వానాకాలం బట్టలు ఎక్కడ ఆరేస్తారు అని అడిగింది. అటూ ఇటూ ఇళ్లున్న 60 అడుగుల పొడవు స్థలంలో మధ్య గది పగలు కూడా చీకటిగా ఉంటుంది. మెట్లను ఇంటి మధ్యకు తెచ్చి, పైన వెలుతురు పడేలా తెరిచింది. అత్తయ్య పడకగది కింద, బాత్రూంకి అడుగు దూరంలో.

వాస్తు గురించి కూడా చెప్పాలి. వాస్తు చూసుకోవద్దని నేను అనను, మేమూ చూసుకున్నాం. కానీ ప్లాను గీయకముందే సిద్ధాంతి గారిని కూర్చోబెట్టండి. ముగ్గు పోశాక బంధువు ఒకరు వచ్చి "ఆగ్నేయం పెరిగింది" అనడం, గోడ జరపడం, దాంతో పిల్లరు ఒక చోట, బీము ఒక చోట అవడం, ఇవన్నీ ఇంటికి చేటు. అలా జరపాల్సి వస్తే ఇంజినీర్ సంతకం లేకుండా ఒక్క అంగుళం కూడా జరపనివ్వకండి.

ఫీజు మీద జీఎస్టీ విడిగా ఉందా, కలిపే చెప్పారా అని అడిగి తెలుసుకోండి. ఫీజులో చెప్పుకోదగ్గ భాగం ప్రతి స్లాబ్ తనిఖీ అయ్యాకే ఇచ్చేలా ఒప్పందం రాసుకోండి. తనిఖీ అయ్యాక "కాంక్రీటు పోయవచ్చు" అని సంతకం పెట్టిన కాగితం ఇవ్వమనండి. మేస్త్రీతో ముందే చెప్పండి, ఆ కాగితం లేకుండా మిల్లరు స్టార్ట్ కాదని. ఆర్కిటెక్ట్‌తో మొదటిసారి కూర్చునే రోజు మీ మేస్త్రీ గారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆయనకు అక్కడ కుర్చీ వేసి మర్యాద ఇస్తే, రేపు సైట్‌లో ఆ డ్రాయింగును తనదిగా చూస్తారు.