టెక్సాస్‌లో కొత్త ఇంటికి మడ్ ట్యాక్స్ ఎందుకు కట్టాలి? హెచ్‌ఓఏ ఫీజు, ఇదీ ఒకటేనా?

ఒకటి కాదు. హెచ్‌ఓఏ ఇళ్ల యజమానుల సంఘం; మడ్, అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, పన్ను వేసే అధికారమున్న చిన్నపాటి ప్రభుత్వం.

హ్యూస్టన్ చుట్టుపక్కల చాలా కాలనీలు ఊరి పొలిమేర దాటాక, ఖాళీ నేలలో పుట్టినవే. అక్కడికి సిటీ నీళ్లు రావు, డ్రైనేజీ ఉండదు. అందుకని డెవలపర్ మడ్ ఏర్పాటు చేయిస్తాడు. రాష్ట్ర పర్యావరణ కమిషన్ గానీ శాసనసభ గానీ దానికి ప్రాణం పోస్తుంది. పైపులు, మురుగునీటి ప్లాంటు ముందు డెవలపర్ డబ్బుతోనే వేస్తారు. ఇళ్లు లేచాక మడ్ బాండ్లు అమ్మి అతని ఖర్చులో చాలావరకు తిరిగిస్తుంది. ఆ బాండ్ల అప్పు తీర్చేది మీరు. అంటే మీ వీధి పైపుల ఖర్చు ఇంటి ధరలో కాకుండా ఏటా పన్నులో కనబడుతుందన్నమాట.

ఉదాహరణకు రేటు 100 డాలర్ల విలువకు 80 సెంట్లయితే, 4 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 3,200 డాలర్లు. కౌంటీ, స్కూలు పన్నులు వేరే. ఇళ్లు పెరిగి అప్పు కరిగేకొద్దీ రేటు సాధారణంగా తగ్గుతుంది, కానీ గ్యారంటీ లేదు.

బోర్డులో అయిదుగురు ఉంటారు, ఓటర్లే ఎన్నుకుంటారు. మొదట్లో ఓటర్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. కోట్ల డాలర్ల బాండ్లకు వాళ్లే ఆమోదం తెలుపుతారు. నాకైతే ఇదే మింగుడుపడని సంగతి.

కొనేముందు అమ్మేవాళ్లు మడ్ నోటీసు ఇవ్వాలని చట్టమే ఉంది. సంతకాల హడావిడిలో దాన్ని పక్కన పెట్టకండి. పన్ను రేటు, ఓటర్లు ఆమోదించిన బాండ్ల మొత్తం, ఇప్పటిదాకా జారీ చేసిన బాండ్ల మొత్తం అందులోనే ఉంటాయి.