తీర్మానాల పుస్తకం తెరవని అధ్యాయం

అమ్మాయీ,

ఊరి బడి మీద నీ పరిశోధనలో నువ్వు పంపిన మూడో అధ్యాయం చదివాను. భాష బాగుంది, ఊరి పటం బాగా గీశావు. నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది మాత్రం ఒకే పేజీ. "గ్రామ సమాజం బడిని తనదిగా భావించడం లేదు" అని పైన ఒక వాక్యం. దాని కింద ఫుట్‌నోట్‌లో, బడి యాజమాన్య కమిటీ సభ్యురాలైన ఒక తల్లి మాట: "ఏలిముద్ర ఎయ్యమనిరి, ఏసినా." పై వాక్యానికి కోపం వచ్చింది. కింది మాట మనసును పట్టుకుంది. నీ అధ్యాయం ఆ ఫుట్‌నోట్‌తో మొదలు కావాలి. ఎయ్యమన్నది ఎవరు? ఏ కాగితం మీద? ఏ తేదీన? ఆ కాగితం మీద అప్పటికే ఏమైనా రాసి ఉందా? చదువు, ఊరు, ప్రభుత్వం ఈ మూడింటి మీద పరిశోధన అంటే నా దృష్టిలో ఈ నాలుగు ప్రశ్నలే.

నువ్వు హెడ్మాస్టర్‌తో మాట్లాడావు, రచ్చబండ దగ్గర ఒక ఫోకస్ గ్రూప్ పెట్టావు, వచ్చేశావు. రచ్చబండ దగ్గర ఎస్సీ కాలనీ ఆడమనిషి సర్పంచి ముందు నోరు విప్పదు. ఆమె మౌనాన్ని నువ్వు "నిరాసక్తత" అని రాశావు. ఆ మాట కొట్టెయ్. ఉపాధి పని దగ్గరికి పొద్దున్నే వెళ్లి ఆమె పక్కన కూర్చుంటే వేరే సంగతులు చెబుతుంది.

కాగితాల దగ్గరికి వద్దాం. బడిలో ముందు అడగాల్సింది కమిటీ తీర్మానాల పుస్తకం. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులు, అందులో ఇద్దరు స్త్రీలు. ఐదు తరగతుల బడిలో 15 మంది అన్నమాట. ఆ 15 పేర్లూ నీ నోటుబుక్కులో రాసుకో. ఒక్కో పేరు పక్కన ఇల్లు ఎక్కడ (పెద్ద ఊరా, కాలనీయా, తండానా), పిల్లలు ఏ తరగతి, ఇప్పటికీ ఈ బడిలోనే ఉన్నారా అన్నది రాయి. బిడ్డ ఐదో తరగతి దాటి వెళ్లిపోయినా తల్లి పేరు పుస్తకంలో నడుస్తూ ఉండటం, పిల్లాడు ప్రైవేటు బడి వ్యానెక్కుతున్నా తండ్రి సభ్యుడిగా ఉండటం అక్కడ దొరుకుతాయి.

ఇక తీర్మానాలు. ప్రతి తీర్మానం తేదీ పక్కన, అదే విషయం మీద ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి వచ్చిన మెమో తేదీ రాసుకో. మెమో వచ్చిన రోజో, మర్నాడో సమావేశం జరిగి, మెమోలోని వాక్యాలే తీర్మానంలో ఉంటే, అది ఊరు చేసిన తీర్మానం కాదు. చేతిరాత ఎవరిదో చూడు. సంతకాలు ప్రతి పేజీలో అదే వరసలో, అదే సిరాతో ఉన్నాయా, పేజీ ఒక్కసారి నింపారా అన్నది కంటికే తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒప్పుకోని తీర్మానం ఒక్కటైనా ఉందా? వాయిదా వేసింది? ఎవరో అడ్డం మాట్లాడినట్టు రాసింది? అలాంటిది ఒక్కటి దొరికితే దాని చుట్టూ పది రోజులు తిరుగు. ఊరు బడిని పట్టించుకున్న చోటు అదే.

ఆ తర్వాత డబ్బు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడి ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 వరకూ 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకూ 25,000, 101 నుంచి 250 వరకూ 50,000. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకూ ఇద్దరు టీచర్లు, 60 దాటితే ముగ్గురు. నీ పట్టికలో 31, 32, 61, 62 అంకెలున్న బళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టావా? నేను లెక్కపెట్టాను. నీ పట్టిక నువ్వే చదవలేదు. ఒక్క పేరు ఎక్కువుంటే 31 దగ్గర గ్రాంటు పెరుగుతుంది, 61 దగ్గర ఒక పోస్టు నిలుస్తుంది, పేరు పోతే టీచర్ బదిలీ అవుతాడు. ఆ పేర్లు ఎందుకు నిలిచాయో హెడ్మాస్టర్‌ని దొంగను అడిగినట్టు అడగకు. మూడో టీచర్ పోతే ఐదు తరగతులూ ఇద్దరే చెప్పాలి. ఆ భయం ఆ అంకెలో ఉంది. పాస్‌బుక్కు చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. 2021 తర్వాత ఈ పథకాల డబ్బు జీరో బ్యాలెన్స్ ఖాతాల పద్ధతిలోకి మారింది, అంటే డబ్బు పైనే ఒక ఖాతాలో ఉంటుంది, బడి చెల్లించినప్పుడే కదులుతుంది. బడి ఖాతాలో నిల్వ కనపడకపోతే డబ్బు రాలేదని రాసేయకు. చెల్లింపు కాగితాలు అడుగు. డబ్బు తీసిన తేదీ ముందుండి, తీర్మానం తేదీ వెనక ఉంటే అది మాత్రం రాయి.

హాజరు విషయంలో నువ్వు యూడైస్ (ప్రభుత్వం ఏటా తీసే బడుల లెక్క) అంకెతోనే ఆగిపోయావు. యూడైస్ సెప్టెంబరు 30 నాటి నమోదు చెబుతుంది. ఫిబ్రవరిలో ఎవరు బల్ల మీద కూర్చున్నారో చెప్పదు. పైగా 2022-23 నుంచి ఒక్కో విద్యార్థి వివరం విడిగా తీసుకుంటున్నారు, అంతకు ముందు బడి మొత్తంగా తీసుకునేవారు. నువ్వు 2018 నుంచి ఒకే గీత గీసి "నమోదు పడిపోయింది" అన్నావు. ఆ గీత చెల్లదు. ఆంధ్రలో 2022 నాటి 117 జీవోతో చాలా చోట్ల 3, 4, 5 తరగతులు దగ్గరి హైస్కూలుకు వెళ్లాయి. ఆ బడిలో పిల్లలు తగ్గింది ఊరి ఇష్టం వల్ల కాదు.

హాజరుకు చెప్పకుండా వెళ్లు. పది గంటలకు తలలు లెక్కపెట్టు, మధ్యాహ్నం రెండింటికి మళ్లీ లెక్కపెట్టు. అటెండెన్స్ రిజిస్టర్ అంకె, భోజనం రిజిస్టర్ అంకె, నీ రెండు అంకెలు, నాలుగూ పక్కపక్కన రాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటి సరిచేయకు. ఐదో అంకె బియ్యం. ప్రాథమిక తరగతుల పిల్లాడికి రోజుకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వరకూ 150. 40 మందికి రోజుకు 4 కిలోలు, 22 పనిదినాలకు 88 కిలోలు. స్టాకు రిజిస్టర్‌లో 88 వాడినట్టు ఉండి, నీ లెక్కలో సగటున 28 మందే ఉంటే, 61.6 కిలోలు కావాలి. మిగతా 26.4 కిలోలు ఎక్కడ?

ఇక్కడే చాలామంది పరిశోధకులు పత్రికా విలేఖరులైపోతారు. ఆగు. బస్తా తూకంలోనే తక్కువ వచ్చిందా చూడు. అంగన్‌వాడీ తమ్ముళ్లు అక్కల పక్కన కూర్చుని తింటున్నారా, వంట ఏజెన్సీ బిల్లులు నెలల తరబడి రాక ఆ అమ్మలు అప్పు మీద వండుతున్నారా కనుక్కో. ఇవన్నీ చూశాక కూడా తేడా మిగిలితే, తేడా అని రాయి. బడి పేరు రాయకు. ఒకే టీచర్ ఉన్న బడికి మారుపేరు పెట్టినా మండలం పేరు రాస్తే అందరికీ తెలిసిపోతుంది. ఉద్యోగం పోయేది చివరికి వంటమ్మది.

నీ మండలం కర్నూలు పడమటి వైపు. అక్కడి నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలు వెళ్తాయి. నువ్వు జులైలో వెళ్లావు. ఊరు నిండుగా ఉంది. జనవరి, ఫిబ్రవరిల్లో మళ్లీ వెళ్లి ఆ 15 మంది సభ్యుల్లో ఊళ్లో ఎందరున్నారో, ఆ నెల తీర్మానం కింద ఎందరి సంతకాలున్నాయో పోల్చు. ఆ ఒక్క పోలిక నీ పన్నెండు పేజీల సిద్ధాంత చర్చ కన్నా విలువైనది. పిల్లలు సీజనల్ హాస్టల్లో ఉన్నారా, అవ్వ దగ్గర ఉన్నారా, చేనుగట్టు మీద ఉన్నారా అన్నది ఇంటింటికీ తిరిగితేనే తెలుస్తుంది.

ఆ పన్నెండు పేజీలు ఎందుకు రాశావో నాకు తెలుసు. పత్రికల సంపాదకులు అదే అడుగుతారు. మొదట ఏ పాశ్చాత్య పండితుడి చట్రంలో కూర్చుంటావో చెప్పమంటారు, ఊరి సంగతి ఆరో పేజీ తర్వాత. పట్టిక పొడవుగా ఉందని కోస్తారు. ఒక తరం తెలివైన పిల్లలు ఈ పద్ధతి వల్లే ఊరిని ఉదాహరణగా తప్ప చూడలేకపోయారు. ఇప్పుడు ప్రయోగాల ఫ్యాషన్ వచ్చింది. 2000ల మధ్యలో మన రాష్ట్రంలోనే ఐదు జిల్లాల్లో 500 బళ్లలో టీచర్ల ప్రోత్సాహకాల మీద పెద్ద ప్రయోగం చేశారు. అది నిక్కచ్చిగా చేసిన పని, కాదనను. అయినా సగటు ఫలితం నీ మండలంలో ఆ తల్లి వేలిముద్ర సంగతి చెప్పదు. అలాగే "25 శాతం టీచర్లు గైర్హాజరు" అని నువ్వెత్తిన అంకె 2003 నాటి దేశవ్యాప్త సర్వేది. బడికి వెళ్లినప్పుడు కనపడని వాళ్లందరినీ అందులో కలిపారు, సెలవైనా ఆన్ డ్యూటీ అయినా సరే. ఇరవై ఏళ్లు దాటిన అంకెను నీ ఊరి మీద పెట్టకు. నీ బళ్లలో టీచర్లు బయటికి వెళ్లేటప్పుడు రాసే మూవ్‌మెంట్ రిజిస్టర్ చదువు.

ప్రభుత్వాన్ని కూడా నువ్వు ఒక్క మనిషిలా రాశావు. ఊరికి ప్రభుత్వం వచ్చేది బండి మీద వచ్చే సీఆర్పీ (కొన్ని బళ్లను కలిపి చూసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) రూపంలో, వాట్సాప్ గ్రూపులో "ఈ సాయంత్రంలోగా" అన్న మెసేజి రూపంలో. సీఆర్పీ కాంట్రాక్టు ఉద్యోగి. అతనిని ఒక రోజంతా వెంబడించు. కమిటీలు కూడా ఒకటి కాదు. 1998 సామాజిక భాగస్వామ్య చట్టం కమిటీ వేరు, విద్యాహక్కు కమిటీ వేరు, 2019లో మొదలైన నాడు-నేడు (బళ్లను బాగుచేసే పథకం) పనులు చూసిన పేరెంట్స్ కమిటీ చేసిన పని వేరు. తెలంగాణలో 2024 నాటి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు నాయకత్వం వహిస్తారు. నువ్వు అన్నిటినీ "కమిటీ" అని ఒకే పేరాలో కలిపేశావు. విడదీయి. ప్రతిసారీ పాతదాన్ని పక్కన పెట్టి కొత్తది పెట్టినప్పుడు, పాత కమిటీలో మాట్లాడటం నేర్చుకున్న మనుషులు ఏమయ్యారో అడుగు. దాని మీద ఎవరూ సరిగా రాయలేదు.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా అని అడిగావు. పట్టికలు ఇంగ్లీషులో ఉండనీ, వాదన ముందు తెలుగులో రాయి. ఒక ప్రతి ఆ హెడ్మాస్టర్‌కి, ఒకటి ఆ సభ్యురాలి కూతురికి ఇవ్వు. వాళ్లు తప్పు పట్టిన చోట గుర్తు పెట్టుకుని రా.

సిద్ధాంతం పేజీలు తీసేసి, 15 పేర్ల పట్టిక, ఐదంకెల హాజరు పట్టిక, మెమో తేదీలూ తీర్మానం తేదీలూ ఉన్న పట్టిక ముందు పంపు. కోతలు ముగిసి జనం తిరిగి రాకముందే వెళ్లిరా.