టోర్నమెంటుకు వెళ్తున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

ఒకదానికొకటి పడని రెండు ప్రమోషన్లు, అంటే కుస్తీ షోలు నడిపే కంపెనీలు, తలపడే ఇండీ (చిన్న, స్వతంత్ర) రెజ్లింగ్ టోర్నమెంటుకు నువ్వూ నీ స్నేహితులూ వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టీవీలో వచ్చే పెద్ద కంపెనీ షో వదిలి చిన్న హాలును ఎంచుకున్నావంటే ఈ ఆట మీద నీది పైపై ఇష్టం కాదు. చాలా గర్వంగా అనిపించింది. ఆ వెంటనే "ముందు వరస సీట్లు దొరికాయట" అంది. అప్పట్నుంచీ మనసు కుదురుగా లేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. విసుక్కోకుండా చదువు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. తలుపులు తెరిచే వేళకే చేరు. వేళ్లు బయటికి కనబడని బూట్లు వేసుకో. కాళ్ల దగ్గర పెద్ద సంచి పెట్టుకోవద్దు. కొంత నగదు ఉంచుకో, చిన్న నోట్లుగా. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు తీసుకెళ్లు, చిన్న హాల్లో స్పీకర్ల మోత మరీ ఎక్కువ.

ఇక సీటు సంగతి. ఇండీ రింగు సాధారణంగా 16 నుంచి 20 అడుగుల చదరం. ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పైన సుమారు అంగుళం మందం ఫోమ్, ఆపైన బిగించి కట్టిన కాన్వాస్. అంతే, అందులో పరుపు ఎక్కడా లేదు. తాళ్ల అవతల అంచును ఏప్రన్ అంటారు. దాని కింద సరిగ్గా ఇనుప దూలమే ఉంటుంది, ఇసుమంత కూడా ఒంగదు. అందుకే దాని మీద వెన్ను తగిలిన మోత వేరుగా వినిపిస్తుంది, గమనించు. చాలా చిన్న షోల్లో రింగుకూ ముందు వరసకూ మధ్య ఇనుప కంచె ఉండదు. ఉన్నది నాలుగైదు అడుగుల ఖాళీ. తాళ్ల మీదుగా బయటికి డైవ్ చేసిన మనిషి ఆగేది ఆ ఖాళీలో కాదు, ముందు వరస కుర్చీల్లో.

కుదిరితే టికెట్టు మార్పించుకో. మెట్ల వరసలు ఉన్న హాలైతే వాటిలో కిందిది అన్నిటికంటే మంచి చోటు, ఒళ్లు క్షేమం, చూపుకు అడ్డు లేదు. పెద్ద కెమెరా ఏ వైపు ఉంటే ఆ వైపే కూర్చో. రెజ్లర్లు ముఖం చూపించేది దానికే, ఎదురు వైపు వాళ్లకు సగం మ్యాచ్ వీపులే కనిపిస్తాయి. మార్పించుకోవడం కుదరకపోతే ఈ గుర్తు పట్టుకో. ఒకడు బయట నేల మీద తూలుతూ నిలబడ్డాడు, లోపల ఉన్నవాడు వాడికి దూరంగా అవతలి తాళ్ల వైపు పరుగెత్తాడు. ఇక డైవ్ వస్తోంది. వాడు తాళ్లను తాకి వెనక్కి తిరిగేలోపు నువ్వు లేచి పక్కకు జరగాలి. ఫోన్ తీయకు, సంచి కోసం వంగకు, కుర్చీ లాగకు. లేచి జరుగు, అంతే. బయట ఉన్న రెజ్లరే చేత్తో జరగమని సైగ చేయడమూ ఉంటుంది. అది నాటకంలో భాగం కాదమ్మా, నీ కోసమే.

కుర్చీల గురించి మాత్రం నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినట్టు చెప్పాలి. 1994 ఆగస్టు 13న ఫిలడెల్ఫియాలోని ఈసీడబ్ల్యూ (అప్పటి ఒక ప్రమోషన్) అరీనాలో ప్రేక్షకులు చేసిన తప్పు ఇది. టెరీ ఫంక్, క్యాక్టస్ జాక్ తలపడుతుంటే పబ్లిక్ ఎనిమీ జట్టు మధ్యలో దూరింది. దాంతో ఆ ఇద్దరూ ఒకటై వాళ్ల మీద తిరగబడ్డారు. రింగులోంచి కుర్చీ కావాలని అడిగారు. అడిగింది ఒక్కటి. ఎవరో ఒకటి విసిరారు. అది చూసి పక్కవాడు, వాడిని చూసి వెనకవాడు. చూస్తుండగానే నలువైపుల నుంచీ ఇనుప కుర్చీలు వచ్చి పడ్డాయి. పబ్లిక్ ఎనిమీ ఇద్దరూ ఆ కుప్ప కింద కనబడకుండా పోయారు. ఆ దృశ్యాన్ని తర్వాత ఏళ్ల తరబడి ఒక ఘనకార్యంలా చూపించారు. ఇవాళ్టికీ దాన్ని చూసి ఒళ్లు పులకరించిందనేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం చూసిన ప్రతిసారీ కడుపులో తిప్పుతుంది.

ఎందుకో చెబుతాను. శిక్షణ పొందిన రెజ్లర్ కుర్చీ ఎత్తితే దాని చదునైన భాగం ఎదుటివాడి వీపుకు అడ్డంగా తగిలేలా కొడతాడు. ఎదుటివాడికి దెబ్బ ఎప్పుడొస్తుందో తెలుసు, గడ్డం దించి వీపు బిగిస్తాడు. నొప్పి ఉంటుంది, కానీ ఆ దెబ్బకు ఒక లెక్క ఉంటుంది. విసిరిన కుర్చీకి లెక్క లేదు. గాల్లో తిరుగుతూ వస్తుంది, అంచో కాలో ముందు తగులుతుంది. ఎక్కడి నుంచి వస్తోందో కింద పడి ఉన్నవాడికి కనబడదు. ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇది: ఆరో వరస నుంచి విసిరిన కుర్చీల్లో అన్నీ రింగు దాకా చేరవు. చేరనివి పడేది ముందు వరస తలల మీద. అంటే నీ తల మీద.

పైగా నువ్వు వెళ్తున్నది రెండు ప్రమోషన్ల అభిమానులు ఒకే హాల్లో కూర్చునే షో. ఒక వైపు ఒకరి పేరు మీద అరుపులు, ఇంకో వైపు మరొకరి పేరు మీద. ఆ వేడే అందం, కాదనను. కానీ ఆ వేడిలో మొదటి వస్తువు గాల్లోకి లేవడానికి ఎక్కువ సేపు పట్టదు. కాగితపు కప్పు అయినా సరే, రింగులోకి ఏదైనా వెళ్లడం చూశావా, ఆ మ్యాచ్ ఎంత గొప్పగా సాగుతున్నా నీ స్నేహితులను తీసుకుని గోడ వైపు నడిచెయ్. రెజ్లర్ వచ్చి నీ కుర్చీ అడిగితే లేచి రెండడుగులు పక్కకు జరుగు. తనే తీసుకుంటాడు. నువ్వు ఎత్తి అందించకు, విసరడం అసలే వద్దు. ట్యూబ్ లైట్లు పగలగొట్టే డెత్‌మ్యాచ్ ఏదైనా ఆ రాత్రి మ్యాచ్‌ల జాబితాలో ఉంటే దాని వరకూ వెనక్కి వెళ్లి నిలబడు. గాజు ముక్కలు వరసలు దాటి వస్తాయి, ఫ్లోరెసెంట్ ట్యూబుల్లో పాదరసం కూడా ఉంటుంది. కళ్లజోడు తీయకు.

భయపెట్టింది చాలు. ఇప్పుడు ఎలా చూడాలో చెబుతాను.

తెల్ల కాగితం మీద బ్రాకెట్, అంటే ఎవరితో ఎవరు తలపడతారో చూపే పట్టిక, గీసుకుని తీసుకెళ్లు. 8 మంది నాకౌట్ అయితే 7 మ్యాచ్‌లు, 16 మంది అయితే 15. ఒక్క రాత్రిలో జరిగే టోర్నమెంటుకు మామూలు షోకు లేని గుణం ఒకటుంది: మొదటి రౌండ్‌లో తగిలిన దెబ్బ ఫైనల్ దాకా వెంట వస్తుంది. ప్రతి పేరు పక్కనా రెండు ముక్కలు రాసుకో. ఎడమ మోకాలా, భుజమా, మెడా, మ్యాచ్ ఎంతసేపు పట్టింది. రెండు గంటల తర్వాత వాడు పట్టీ కట్టుకుని వస్తాడు. ఎదుటివాడు మొదటి నిమిషంలోనే ఆ కాలు తన్నుతాడు. హాల్లో సగం మందికి అది మామూలు తన్ను. నీకు మాత్రం అక్కడ కథ అందుతుంది. మంచి రెజ్లరైతే గెలిచాక కూడా కుంటుతూనే తెరవెనక్కి వెళ్తాడు. కుంటడం మరిచిపోయేవాడు ఎన్ని పల్టీలు కొట్టినా నేను లెక్కలోకి తీసుకోను.

రూల్స్ ప్రకటన జాగ్రత్తగా విను. రింగు బయట ఉన్నవాడు లోపలికి రావడానికి రిఫరీ 10 లెక్కపెట్టే పద్ధతి ఒకరిది, న్యూ జపాన్ అనే జపాన్ ప్రమోషన్ లాంటి చోట 20. టైమ్ లిమిట్ ఎంత, డ్రా అయితే ఇద్దరూ అవుటా అన్నది కూడా తెలుసుకో. ఎందుకంటే ప్రమోషన్ల మధ్య టోర్నమెంట్ వియ్యాలవారి పేచీ లాంటిది, బయటికి ఎంత కారాలు నూరుకున్నా ఇద్దరి పరువూ నిలవాలి. తమ పెద్ద స్టార్ పరాయి హాల్లో నేరుగా పిన్ అవడానికి (భుజాలు నేలకానించి మూడు లెక్కపెట్టించుకుని ఓడడానికి) ఏ బుకరూ, అంటే ఎవరు గెలవాలో ముందే నిర్ణయించేవాడు, తేలిగ్గా ఒప్పుకోడు. అందుకే కౌంట్ అవుట్లు (లెక్క ముగిసేలోపు రింగులోకి రాక ఓడడం), డిస్‌క్వాలిఫికేషన్లు, మూడోవాడి జోక్యాలు. ఎవరు ఓడారు అన్నదానికంటే ఎలా ఓడారు అన్నది రాసుకో.

ఎలా ఓడాలో కుదరకపోతే ఏమవుతుందో చెప్పడానికి 1995 అక్టోబరు 9 చాలు. టోక్యో డోమ్‌లో న్యూ జపాన్, యూడబ్ల్యూఎఫ్‌ఐ తలపడ్డాయి. యూడబ్ల్యూఎఫ్‌ఐ తమది అసలు సిసలు పోరని, తన్నులూ కీళ్ల పట్లూ తప్ప వేరేది లేదని చెప్పుకునే ప్రమోషన్. దాని నాయకుడు నొబుహికో తకడాను కీజి ముతో ఓడించాడు. దేనితోనో తెలుసా? కాలు మెలిపెట్టి పడేసి, పాతకాలపు ఫిగర్ ఫోర్ పట్టు వేసి. నాటకీయమని వాళ్లు తీసిపారేసే పట్టుకే వాళ్ల నాయకుడు లొంగిపోయాడు. 1996 జనవరి 4న తకడా ముతోను ఓడించి న్యూ జపాన్ వాళ్ల పెద్ద టైటిల్ ఐడబ్ల్యూజీపీ తీసుకున్నా పోయిన పరువు తిరిగి రాలేదు. ఆ ఏడాది చివరికి యూడబ్ల్యూఎఫ్‌ఐ మూతపడింది. డోమ్ నిండింది సరే, పగ సాగాలంటే పగవాడు మిగలాలి కదా.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ సూపర్ జె-కప్. 1994 ఏప్రిల్ 16న టోక్యో సుమో హాల్లో న్యూ జపాన్ రెజ్లర్ జూషిన్ లైగర్ పూనికతో ఎన్నో ప్రమోషన్ల నుంచి 14 మంది జూనియర్ హెవీవెయిట్లు (తక్కువ బరువు విభాగం వాళ్లు) ఒక్క రాత్రి తలపడ్డారు. వెళ్లేలోపు తప్పకుండా చూడు. మొదటి రౌండ్‌లో ఎఫ్‌ఎండబ్ల్యూ అనే ప్రమోషన్ కుర్రాడు హయబుసా లైగర్ చేతిలో ఓడిపోయాడు, ఆ ఓటమితోనే అందరి నోళ్లలో పడ్డాడు. తర్వాత కప్పులు కూడా చూడు. 1995లో ఆతిథ్యం వార్ అనే ప్రమోషన్‌ది, గెలిచింది న్యూ జపాన్ లైగర్. 2000లో మిచినోకు ప్రో అనే ప్రమోషన్‌ది, మళ్లీ లైగరే. 2004లో ఒసాకా ప్రోది, గెలిచింది నోవా అనే ప్రమోషన్ నుంచి వచ్చిన నవోమిచి మరుఫుజి. ఇంటివాడే కప్పు ఉంచుకుంటాడనుకుని పందెం కాయకు. పెద్ద పేరు చేతిలో ఉన్న కప్పుకే విలువ పెరుగుతుందని చిన్న ప్రమోషన్‌కు తెలుసు.

ఆ 1994 రాత్రి సెమీఫైనల్లోనే ది గ్రేట్ సాసుకే తాళ్ల మీద నుంచి ఎగరబోయి జారిపడ్డాడు. లైగర్ వెక్కిరింపుగా చప్పట్లు కొట్టాడు. సాసుకే లేచి, లైగర్ ఏమరుపాటులో ఉండగానే హరికెన్‌రానాతో, అంటే కాళ్లతో మెడ పట్టి తిప్పే పట్టుతో, చుట్టేసి పిన్ చేశాడు. ఒక జారుడు మొత్తం టోర్నమెంటులోనే గుర్తుండిపోయే ముగింపైంది. అందుకే ఎవరైనా జారితే గేలి చేసే గుంపుతో గొంతు కలపకు తల్లీ. రెండు క్షణాలు ఆగి చూడు, వాళ్లు దాన్ని ఎలా దిద్దుకుంటారో. అసలు నైపుణ్యం అక్కడే బయటపడుతుంది.

రిఫరీ రెండు చేతులూ తల మీదకెత్తి ఒకదానికొకటి అడ్డంగా X ఆకారంలో పెట్టాడంటే నిజమైన గాయం. దాన్ని కథలో భాగంగా వాడుకునేవాళ్లూ ఉన్నారు, కానీ నువ్వు నిజమనే అనుకో. ఫోన్ దించు, దారి వదులు. పై తాడు మీద మనిషి నిలబడి ఉన్నప్పుడు ఫ్లాష్ వెయ్యకు, అక్కడ కళ్లు బైర్లు కమ్మితే మెడ విరుగుతుంది. చిన్నప్పుడు మంచం మీద నుంచి దిండ్ల మీదకి దూకేదానివి, మీ అమ్మ గుండె చేత్తో పట్టుకునేది. చూసొచ్చాక స్నేహితుల మీద పట్లు ప్రయత్నించడం ఇప్పుడు కూడా వద్దు. కింద పడటం నేర్చుకోవడానికే వాళ్లకు నెలలు పడుతుంది.

విరామంలో అమ్మకాల బల్ల దగ్గరికి వెళ్లు. చాలామంది ఇండీ రెజ్లర్లకు ఆ రాత్రి పారితోషికం కంటే టీ షర్టులూ ఫోటోలే ఆసరా. నచ్చినవాడి దగ్గరే, వాడి చేతికే డబ్బివ్వు. "ఇదంతా నిజమేనా" అని అడగకు. చెయ్యి కలపమంటే మెల్లగా కలుపు, భుజం చరచకు, ఆ భుజమే ఇంకో రెండు మ్యాచ్‌లు మొయ్యాలి. ఫోటోకు ముందు అడుగు.

ఫైనల్ గంట మోగగానే బస్సు కోసం లేవకు. గెలిచినవాడు మైకు అందుకుంటాడు, అవతలి ప్రమోషన్‌వాడు రింగులోకి వస్తాడు, తర్వాతి షోకు సవాలు అక్కడే పడుతుంది. ఆ అయిదు నిమిషాలూ కూర్చో. హాలు సగం ఖాళీ అయ్యాక, నలుగురూ కలిసే బయటికి రండి. టికెట్టు మార్పిడి సంగతి రేపటిలోగా నాకు చెప్పు, తేడా డబ్బు నేను పంపిస్తాను.

మీ మామయ్య