లాన్ తడపడం, నీటి బిల్లు: ప్లేనో నుంచి ఒక జవాబు

ఈ వసంతంలో అమెరికాలోని డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నామనీ, జూలై నీటి బిల్లు 310 డాలర్లు వచ్చిందనీ, అంత నీరు పారినా ముందు వాకిట గడ్డి ఎండుతూనే ఉందనీ, లాన్ తడిపే స్ప్రింక్లర్ మొత్తం మార్పించాలా అనీ మీరు అడిగారు. ఇప్పుడే ఎవరికీ డబ్బు కట్టవద్దు. మీ పక్క ఊరు ప్లేనోలో 2009లో సొంతింట్లో దిగినప్పటి నుంచి మా స్ప్రింక్లర్‌ను నేనే చూసుకుంటున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు తడబడే చోట్లన్నీ నాకు తెలుసు. వాటికి నేను చెల్లించిన మూల్యం తక్కువది కాదు.

మొదటి వేసవిలో నేను చేసిన పొరపాటే మీరూ చేసి ఉంటారని నా అనుమానం. స్ప్రింక్లర్‌ను వేళకు నడిపే కంట్రోలర్ మా గ్యారేజీ గోడకుంది. అందులో నాలుగు జోన్లు (లాన్‌లో విడివిడిగా తడిసే భాగాలు), నాలుగు స్టార్ట్ టైములు (తడపడం మొదలయ్యే వేళలు) ఉండేవి. జోనుకొక వేళ పెట్టాలి కాబోలనుకుని తెల్లవారుజామున 4:00, 4:10, 4:20, 4:30 అని వరసగా పెట్టాను. నిజానికి ఒక్క స్టార్ట్ టైము పెడితే చాలు, జోన్లన్నీ ఒకదాని తరవాత ఒకటి వాటంతట అవే నడుస్తాయి. నేను నాలుగు పెట్టినందువల్ల ప్రతి ఉదయం లాన్ అంతా నాలుగు సార్లు తడిసింది. జోనుకు పది నిమిషాలు, నిమిషానికి సుమారు 12 గ్యాలన్లు వేసుకుంటే, 480 గ్యాలన్లతో పోవలసినది 1,920 అయింది. మేము నిద్రలో ఉండే వేళ కాబట్టి బిల్లు వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. వాడకం పెరిగేకొద్దీ గ్యాలను ధర కూడా పెరిగే పద్ధతి కనుక, నాలుగు రెట్ల నీటికి నాలుగు రెట్లకన్నా ఎక్కువే కట్టాను. కంట్రోలర్‌లో ఏ, బీ అని వేరువేరు ప్రోగ్రాములు, అంటే తడిపే వేళల జాబితాలు, కూడా ఉంటాయి. పాత యజమాని బీలో ఏదైనా వదిలి వెళ్ళారేమో, అదీ చూడండి.

గడ్డి ఎండడానికి కారణం వేరు. గుంటూరు జిల్లా పత్తి చేలల్లో పెరిగిన నాకు నల్లరేగడి కొత్త కాదు. అయినా ఇక్కడి నేల స్వభావమూ అదేనని గుర్తించడానికి రెండేళ్ళు పట్టింది. నీళ్ళు చిమ్మే స్ప్రే హెడ్లు గంటకు సుమారు ఒకటిన్నర అంగుళం నీరు పోస్తాయి. బంకమన్ను అంత వేగంగా తాగలేదు కాబట్టి మిగిలినదంతా కాలిబాట మీదుగా రోడ్డు మీదికి పోతుంది, దానికీ మీరే డబ్బు కడతారు. పన్నెండు నిమిషాలు ఒకేసారి పెట్టకుండా, నాలుగేసి నిమిషాల చొప్పున గంట విరామంతో మూడు విడతలుగా పెట్టండి. అన్ని స్టార్ట్ టైములు ఇచ్చినది ఇలాంటి అవసరానికే. లాన్ మీద అక్కడక్కడ ఖాళీ ట్యూనా డబ్బాలు ఉంచి కొలవండి. బెర్ముడా గడ్డికి వేసవిలో వారానికి ఒక అంగుళం సరిపోతుంది. ఒక డబ్బాకూ మరొక డబ్బాకూ తేడా ఎక్కువగా ఉంటే హెడ్డు పక్కకు వాలి ఉంటుంది, లేదా నీరు చిమ్మే దాని మూతి, అంటే నాజిల్‌లో మట్టి చేరి ఉంటుంది. ఈ రెండింటికీ మనిషిని పిలవనక్కరలేదు.

అయితే బిల్లుకు భయపడి నీళ్ళు పూర్తిగా కట్టేయవద్దు. నేను ఆ పని 2011లో చేశాను. ఆ ఏడాది డాలస్‌లో 71 రోజులు ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకింది. నెలకు వంద డాలర్లు మిగులుతున్నాయని నేను సంతోషిస్తూ ఉండగా, నేల నెర్రెలు విచ్చి పునాది పక్కన చెయ్యి పట్టేంత సందు ఏర్పడింది, పడకగది తలుపు పడక మొరాయించింది, కిటికీల మూలల నుంచి గోడ బీటలు వారింది. బాగుచేయించడానికి 6,500 డాలర్లు అయ్యాయి. అది ఊళ్ళో మా నాన్నగారి ఇంటి పైకప్పు కోసం దాచిన సొమ్ము. ఆయన ఇంకో రెండు వానాకాలాలు కారే కప్పు కిందనే గడిపారు. లాన్ పచ్చగా లేకపోయినా నష్టం లేదు గాని, పునాది చుట్టూ మన్ను మాత్రం తేమగా ఉండాలి.

చలికాలం సంగతి కూడా ఇప్పుడే చెబుతాను. 2021 ఫిబ్రవరిలో చలి మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు దిగినప్పుడు కంట్రోలర్ ఆపితే చాలనుకున్నాను. లాన్ నీరు వెనక్కి వచ్చి తాగునీటిలో కలవకుండా ఆపే, గోడ పక్కనున్న బ్యాక్‌ఫ్లో పరికరంలో నీరు గడ్డకట్టి అది పగిలింది. గడ్డకట్టే చలి వస్తుందనగానే స్ప్రింక్లర్‌కు పోయే వాల్వు మూసి, ఆ పరికరంలోని నీటిని వదిలేయండి. పైగా ఇక్కడి చాలా నగరాలు చలికాలపు వాడకాన్ని బట్టే ఏడాది మురుగునీటి చార్జీ లెక్కకడతాయి కనుక, ఆ నెలల్లో లాన్ తడిపితే పన్నెండు నెలలూ చెల్లిస్తూ ఉండాలి. ఏ రోజుల్లో, ఏ గంటల్లో తడపవచ్చునన్నది మీ నగరం వెబ్‌సైటులో చూసుకోండి.

ఈ శనివారం ఇంట్లో కుళాయిలన్నీ కట్టి నీటి మీటరు మూత తీసి చూడండి. అందులోని చిన్న త్రికోణం తిరుగుతూ ఉంటే ఎక్కడో కారుతున్నట్టు. చాలాసార్లు అది వాల్వు లోపలి రబ్బరు పొర చిరగడమే. నాకు మొత్తం మార్చాలని 1,800 డాలర్లు చెప్పిన పని ఆ పొర మార్చగానే 20 డాలర్లతో తీరింది. త్రికోణం కదలకపోతే మీటరు అంకె రాసుకొని, ఒక విడత నడిపించి, మళ్ళీ రాసుకోండి. వచ్చే నెల బిల్లు ఎంతో ఆ తేడాతోనే లెక్క వేయవచ్చు. నేను ఇప్పటికీ ప్రతి ఏప్రిల్‌లో అలాగే వేసుకుంటున్నాను.