తిరుపతిలో ఉండి ట్యూటర్‌తో ఫ్రెంచ్: ఆ గంటని దేనికి వాడాలి?

డిగ్రీ అయిపోయింది, తిరుపతిలోనే ఉంటున్నాను, కెనడాకో ఫ్రాన్స్‌కో వెళ్లాలని ఉంది, ఆన్‌లైన్ ట్యూటర్‌ని పెట్టుకుంటే ఏడాదిలో ఫ్రెంచ్ వస్తుందా, మంచి ట్యూటర్‌ని ఎలా గుర్తుపట్టాలి అని అడిగారు.

ముందు గంటల లెక్క చూడండి. ఫ్రెంచ్ స్థాయిలు కింది నుంచి పైకి ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. ఏ1కి 60 నుంచి 100 గంటలు, ఏ2 ముగిసేసరికి 200 దాకా, బీ1కి 360–400, బీ2కి 550–650 అని సాధారణంగా చెప్పే అంచనా. వారానికి రెండు క్లాసులంటే ఏడాదికి వంద గంటలే. ట్యూటర్ మీదే భారం వేస్తే బీ2కి అయిదారేళ్లు పడుతుంది. ఏడాదిలో కావాలంటే ఆ రెండు గంటలు కాక రోజూ గంటన్నర మీరే కూర్చోవాలి. ఉద్యోగం చేస్తున్నవాళ్లు రెండేళ్లు అనుకుని మొదలుపెట్టడం మేలు. కాబట్టి వ్యాకరణం వివరణ, పదాల పట్టిక, పుస్తకంలో పాఠం చదవడం లాంటివన్నీ ఇంట్లో మీ పని. ట్యూటర్ గంట రెండింటికే: మీ నోట్లోంచి వచ్చేది వినడం, దిద్దడం. వందలకి వందలు పోసి ట్యూటర్ చేత పీడీఎఫ్ చదివించుకునేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

ఎందుకోసం నేర్చుకుంటున్నారో ట్యూటర్‌కి మొదటి రోజే చెప్పండి, ఎందుకంటే పరీక్షలు వేరు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి (పాయింట్ల లెక్కన శాశ్వత నివాసానికి పిలిచే పద్ధతి) డెల్ఫ్ (ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే ఫ్రెంచ్ సర్టిఫికెట్ పరీక్ష) చెల్లదు. టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ రాయాలి, వాటి ఫలితం రెండేళ్లే పనిచేస్తుంది. ఫ్రెంచ్ వచ్చినవాళ్ల కోటాలో పిలుపు రావాలంటే వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ కెనడా వాళ్ల కొలతలో 7వ స్థాయి ఉండాలి. అది దాదాపు బీ2. ఏ1 సర్టిఫికెట్ ఉంటే పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) పాయింట్లు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్ మాధ్యమంలో చదవాలంటే ఎక్కువచోట్ల బీ2 అడుగుతారు; దానికి డెల్ఫ్ సరిపోతుంది, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది.

మనకి దగ్గరలో చెన్నైలో అలియాన్స్ ఫ్రాన్సేజ్ (ఫ్రెంచ్ నేర్పే సంస్థ) ఉంది, బెంగళూరు, హైదరాబాదుల్లోనూ ఉన్నాయి. మూడుచోట్లా ఆన్‌లైన్ బ్యాచులు నడుపుతారు. నా సలహా: ఏ2 దాకా అలాంటి గ్రూపు క్లాసులో చేరండి, పక్కన వారానికి ఒక్క గంట ట్యూటర్‌ని ఉచ్చారణకీ మాటలకీ పెట్టుకోండి. బీ1 నుంచి గ్రూపు వదిలేసి వారానికి రెండు మూడు గంటలు ట్యూటర్‌తోనే. మొదటి రోజు నుంచే ఒంటరిగా ట్యూటర్‌తో మొదలుపెడితే పాఠ్యక్రమం ఉండదు, ఆరు నెలల తర్వాత కూడా 'నా పేరు, మా ఊరు' దగ్గరే తిరుగుతుంటారు. పాండిచ్చేరి వెళ్లి వీధుల్లో మాట్లాడి నేర్చుకుందామనుకునేవాళ్లకి ఒక మాట: అక్కడి వీధుల్లో వినిపించేది తమిళం.

ట్యూటర్‌ని ఎంచుకునేటప్పుడు ఫ్రాన్స్‌లో పుట్టారా అన్నది అంత ముఖ్యం కాదు. ఏ1, ఏ2 చెప్పడానికి కనీసం బీ2, బీ1 పైన చెప్పడానికి సీ1 ఉన్న మన దేశపు ట్యూటర్ చక్కగా సరిపోతారు. సెనెగల్, ఐవరీ కోస్ట్, బెనిన్, కామెరూన్ దేశాల్లో ఫ్రెంచ్ పాలనలోనూ చదువులోనూ ఉన్న భాష, అక్కడి ట్యూటర్లూ ఆన్‌లైన్‌లో దొరుకుతారు. టైమింగ్ చూసుకోండి. మనకి సాయంత్రం 7 అయితే సెనెగల్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర. పారిస్‌లో వేసవిలో మూడున్నర, చలికాలంలో రెండున్నర. మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం వాళ్లు గడియారం మారుస్తారు, ఆ వారం క్లాసులు తప్పిపోయేది అందుకే.

ట్రయల్ క్లాసులో మూడు సంగతులు చూడండి. మీరు ఎంతసేపు మాట్లాడారు? సగం కంటే తక్కువైతే వదిలేయండి. మీరు కావాలని ఒక తప్పు ఉచ్చారణ పదేపదే చేయండి. పట్టుకుని, నోరు ఎలా పెట్టాలో చూపించారా, 'వెరీ గుడ్' అని దాటేశారా? మూడోది, తర్వాతి క్లాసుకి మీరేం చేసుకురావాలో ఖచ్చితంగా చెప్పారా? డబ్బు ఒకేసారి ఏడాదికి కట్టకండి, అయిదో పదో క్లాసులకి కట్టి చూడండి.

ఇక అసలు సంగతి, తెలుగు నోరు. కొన్ని మనకి పుట్టుకతో వచ్చినవే. ఫ్రెంచ్‌లో త, ద దంత్యాలే, మన త, ద లాగే. ప, త, క లలో ఊపిరి వదలరు, అదీ మనదే. ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడంతోనే చెడుతోంది: 'తాబ్ల్' అనాల్సింది 'టేబుల్'లోని ట పెట్టి పలుకుతారు. ఫ్రెంచ్ పదం చూడగానే ట, డ లు పూర్తిగా మరిచిపోండి. పదం చివర ఉకారం చేర్చే అలవాటు ఇంకొకటి. బస్సు, కారు అన్నట్టే 'తాబ్లు' అనేస్తాం. చివరి హల్లు దగ్గర ఆపి వదలడం సాధన చేయాలి.

మనకి లేనివి నాలుగైదు. మొదటిది ఫ్రెంచ్‌లో 'నువ్వు' అనే మాటలోని అచ్చు: 'ఈ' అంటూ నాలుకని కదల్చకుండా పెదవులని మాత్రం 'ఊ'కి లాగా గుండ్రం చేయాలి. చేయకపోతే 'నువ్వు', 'అంతా' అనే రెండు వేర్వేరు మాటలు ఒక్కటే 'తూ' అయిపోతాయి. కెమెరా ఆన్‌లో ఉండాలనేది దీనికే, ట్యూటర్ మీ పెదవులు చూడాలి. రెండోది ముక్కుతో పలికే అచ్చులు: సాఁ అంటే వంద, సోఁ అంటే ఉన్నారు, వేఁ అంటే ఇరవై. మనవాళ్లు చివర న్ పెట్టి 'సాన్', 'సోన్' అంటారు. నాలుక పైకి తగలకూడదు. అద్దం ముందు నోరు తెరిచి అనండి, చివర్లో నాలుక కదిలితే తప్పు.

మూడోది జకారం లాంటిది. 'ఇల్‌జోఁ' అంటే వాళ్లకి ఉంది, 'ఇల్‌సోఁ' అంటే వాళ్లు ఉన్నారు. మన 'జడ'లోని జ కూడా పనికిరాదు, అక్కడ నాలుక ఒక్క క్షణం గాలిని ఆపుతుంది. స అని లాగుతూ మధ్యలో గొంతు పలికించండి, అదే వాళ్ల ధ్వని. అలాగే ష అని లాగుతూ గొంతు పలికిస్తే ఫ్రెంచ్‌లో 'నేను' అనే మాటలో మొదటి హల్లు వస్తుంది. నాలుగోది వ: పై పళ్లు కింది పెదవికి తాకాలి. తాకకపోతే ఫ్రెంచ్‌లో 'జీవితం' అన్న మాట 'అవును'లా వినిపిస్తుంది. గొంతులో పలికే ర గురించి అందరూ భయపడతారు గానీ అది చివరికి నేర్చుకున్నా పర్వాలేదు. మన ర తో మాట్లాడినా అర్థమవుతుంది, పైవి తప్పితే అర్థం మారిపోతుంది.

మార్కులు పోయేచోట ఒకటి ప్రత్యేకం. 'జ ఫినీ' అంటే పూర్తి చేస్తాను, 'జే ఫినీ' అంటే పూర్తి చేశాను. కాలం మొత్తం ఆ ఒక్క అచ్చులోనే ఉంది. అలాగే రెండు గంటలకీ పన్నెండు గంటలకీ తేడా కూడా ఒక్క అచ్చే. ఈ జంటలని ట్యూటర్ ఏది పడితే అది చదువుతుంటే మీరు ఒకటో రెండో అని చెప్పాలి, తర్వాత మీరు చదివితే ట్యూటర్ చెప్పాలి. ప్రతి క్లాసులో అయిదు నిమిషాలు చాలు.

ఇక్కడ తప్పక తెలుగు లిపిలో రాశాను గానీ, మీ నోట్సులో ఫ్రెంచ్‌ని ఇలా రాసుకోకండి. మన లిపిలో ఆ అచ్చులకి గుర్తులు లేవు, రాసినకొద్దీ తప్పు గట్టిపడుతుంది.

అంకెలు చాలామందిని ఆపేస్తాయి. 70 అంటే అరవై-పది, 80 అంటే నాలుగు ఇరవైలు, 90 అంటే నాలుగు ఇరవైలు-పది. లెక్క తెలిసినా చెవికి అందదు. అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు మెట్లు 2,388 అంటారు కదా, ఆ రెండో అంకె ఫ్రెంచ్‌లో చెప్పి చూడండి: దో మిల్ త్ర్వా సాఁ కాత్ర్ వేఁ ఉయిత్. లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు ముందున్న బండి నంబరుని రెండేసి అంకెలుగా చదవండి. ఫ్రాన్స్‌లో ఫోన్ నంబర్లు చదివేదీ అలాగే జంటలుగా.

వ్యాకరణంలో ఇంగ్లీషు కంటే తెలుగు మీదుగా వెళితే దగ్గర దారి. 'నాకు' పెట్టి చెప్పే చాలా మాటలు అక్కడ 'అవ్వార్' (కలిగి ఉండడం) క్రియతో వస్తాయి: నాకు ఇరవై ఏళ్లు, నాకు ఆకలిగా ఉంది, దాహంగా ఉంది, భయంగా ఉంది, జ్వరం వచ్చింది, తలనొప్పిగా ఉంది, నాకు ఇద్దరు తమ్ముళ్లు. ఇంగ్లీషు వాక్యం తలలో పెట్టుకున్నవాళ్లే 'జ స్వీ' ('ఐ యామ్') అని వయసు చెబుతారు. నాకు తెలుసు, నాకు ఇష్టం మాత్రం ఈ దారిలో రావు. నువ్వు, మీరు తేడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

లింగం మాత్రం కొత్త తలనొప్పి. పదాన్ని ఒంటరిగా నేర్చుకోకండి, ముందున్న 'అఁ' (పుంలింగానికి) లేదా 'ఉన్'తో (స్త్రీలింగానికి) కలిపే నేర్చుకోండి. 'స్యోఁ' అని ముగిసేవి దాదాపు అన్నీ స్త్రీలింగం, 'మాఁ' అని ముగిసేవి ఎక్కువగా పుంలింగం, 'ఆజ్' అని ముగిసేవి కూడా ఎక్కువగా పుంలింగమే గానీ పేజీ, బొమ్మ, సముద్రతీరం అనే మాటలు ఎదురు తిరుగుతాయి. బీ1 దగ్గర అసలు గోడ వస్తుంది. 'నిన్న వచ్చిన అబ్బాయి' అని మనం విశేషణం ముందు పెడతాం, వాళ్లు అబ్బాయిని ముందు చెప్పి 'కీ' అంటూ మిగతాది తగిలిస్తారు. ఇది చదివితే రాదు. తిరుమల లడ్డూ, కాళహస్తి కలంకారి, చంద్రగిరి కోట ఒక్కోదాన్నీ ఫ్రెంచ్‌లో వర్ణించి, వాక్యం వాక్యంలో 'కీ', దానిలాంటిదే 'క' వాడేలా ట్యూటర్ మిమ్మల్ని నెట్టాలి.

గంట క్లాసు ఇలా అడగండి. రాసిన పని ముందురోజే పంపేయండి. ట్యూటర్ సరిదిద్ది పంపకూడదు, గీత గీసి వదలాలి, దిద్దుకోవాల్సింది మీరు. క్లాసు మొదట్లో పది నిమిషాలు దాని మీద. తర్వాత కనీసం అరగంట మాటలు. ఆ సమయంలో ప్రతి తప్పుకీ ఆపితే మాట ఆగిపోతుంది, అసలు ఆపకపోతే తప్పు అలవాటవుతుంది. అందుకని తప్పులు రాసుకుంటూ పోయి, చివర అయిదారు మాత్రమే చెప్పి, ఆ వాక్యాలనే మీ చేత మళ్లీ చెప్పించమనండి. వచ్చే క్లాసు ఆ అయిదారుతోనే మొదలవ్వాలి. అనుమతి అడిగి రికార్డు చేసుకోండి. అర్థం కాకపోయినా 'అర్థమైంది మేడమ్' అనే బడి అలవాటు మానుకోండి, డబ్బు మీదే పోతుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వద్దు. కాల్‌లో మైకు ఆన్ కాగానే చాలావాటిలో ధ్వని నాణ్యత పడిపోతుంది, స, ఫ లాంటివి మసకబారతాయి. వైరు ఉన్నది వాడండి. ఫోన్‌లో జీబోర్డ్‌కి (గూగుల్ కీబోర్డు) ఫ్రెంచ్ చేర్చుకోండి; విండోస్‌లో యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్ కీబోర్డు పెట్టుకుంటే గుర్తు నొక్కి అచ్చు నొక్కితే ఏ వాలు గీతైనా వస్తుంది.

ఇంట్లో గంటన్నరలో పావుగంట ఫ్లాష్‌కార్డులకి (ఒకవైపు పదం, రెండోవైపు అర్థం ఉండే కార్డులు). రోజుకి పది కొత్తవి మించొద్దు, మించితే నెల తిరిగేసరికి పాతవి తిరగేయడానికే గంట పడుతుంది. ఆర్‌ఎఫ్‌ఐ రేడియో రోజూ పది నిమిషాల సులభ ఫ్రెంచ్ వార్తలు రాతప్రతితో సహా ఇస్తుంది, ఏ2 తర్వాత అందులో ఒక్క నిమిషం విని రాసి సరిచూసుకోండి. అంతకు ముందు ఫ్రెంచ్ టీవీ చానల్ టీవీ5 మోండ్ వాళ్ల ఉచిత అభ్యాసాలు చాలు.

పరీక్షకి రెండు నెలల ముందు క్లాసు స్వరూపం మార్చేయండి. డెల్ఫ్‌లో నాలుగు భాగాలకి 25 చొప్పున వంద మార్కులు, 50 వస్తే పాస్, కానీ ఏ ఒక్కదాంట్లోనూ 5 తగ్గకూడదు. రాత బీ1లో 160 పదాలు, బీ2లో 250 పదాలు. గడియారం పెట్టుకుని చేత్తో రాయండి, కీబోర్డు మీద అలవాటైనవాళ్లు అచ్చుల మీది గీతలు ఎటు వాల్చాలో మరిచిపోతారు. టెఫ్ మాటల పరీక్షలో మొదట ఒక ప్రకటన చూసి ఫోన్‌లో వివరాలు అడగాలి, తర్వాత స్నేహితుడిని ఒప్పించాలి. మనవాళ్లు రెండోదాంట్లో కారణాలన్నీ ఒక్క గుక్కలో చెప్పేసి మౌనంగా కూర్చుంటారు. ట్యూటర్ అడ్డుతగిలి 'నాకు వీలు కాదు', 'డబ్బు లేదు' అంటూ పోవాలి, మీరు పది నిమిషాలు లాగాలి.

డెల్ఫ్ ఏడాదికి కొన్ని విడతలే ఉంటుంది, రిజిస్ట్రేషన్ ముందే మూస్తారు; చెన్నై కేంద్రం తేదీలు చూసుకునే క్లాసుల ప్రణాళిక వేసుకోండి. రాత ఒకరోజు, మాటల పరీక్ష ఇంకోరోజు పడవచ్చు. ఉదయం పరీక్షకి తెల్లవారుజామున ఇక్కడ బస్సెక్కే సాహసం చేయకుండా ముందురోజే చెన్నై చేరిపోండి.